ఎకో బాగానే వచ్చింది, మరి మనసు సంగతి? చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయి బెంగళూరులో ఉంటున్నవాళ్లకి

చిన్నప్పుడు గుండెలో రంధ్రం మూయించుకునో, టెట్రాలజీకి (గుండెలో నాలుగు లోపాలు కలిసి పుట్టుకతో వచ్చే జబ్బు) ఆపరేషన్ అయ్యో, వాల్వు వేయించుకునో ఇప్పుడు ఇరవైల్లో ముప్పైల్లో ఉన్న తెలుగువాళ్లు బెంగళూరులో చాలామందే ఉన్నారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు వాళ్లయితే మరీనూ. అటు ఇళ్లల్లో బిడ్డకి గుండెలో ఏదో తేడా ఉందని తెలిస్తే చాలామందికి ముందు గుర్తొచ్చేది హైదరాబాద్ కాదు, జయదేవ, బొమ్మసంద్రలోని నారాయణ, వైట్‌ఫీల్డ్ సత్యసాయి ఆసుపత్రి. ఇది వాళ్ల కోసమూ, వాళ్ల అమ్మానాన్నల కోసమూ రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు, టెట్రాలజీ ఆపరేషన్ అయిన తమ్ముడికి అక్కని, వాడి చెకప్‌లకి తోడు వెళ్లేది నేనే. ఓపీలో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. మూడు గంటలు కూర్చుంటాం, ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తారు, డాక్టర్ గారు "బాగుంది, వచ్చే ఏడాది రండి" అంటారు, మనం చీటీ పట్టుకుని బయటికి వచ్చేస్తాం. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదనీ, ఛాతీలో చిన్న చురుక్కుమన్నా చచ్చిపోతానేమో అనిపిస్తోందనీ చెప్పడానికి అక్కడ చోటే ఉండదు. ఆ చోటు మనమే ఎలా చేసుకోవాలో చెప్తాను.

ముందు ఇంట్లో వాళ్లని ఒప్పించాలి కదా, అందుకు పనికొచ్చే నాలుగు ముక్కలు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో పుట్టుకతో వచ్చే గుండె జబ్బూ మానసిక ఆరోగ్యం గురించి ప్రత్యేకంగా ఒక ప్రకటన ఇచ్చింది, ఆ జబ్బుతో పుట్టిన పెద్దవాళ్లలో దాదాపు మూడోవంతు మందిలో యాంగ్జయిటీ లేదా డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తున్నాయనీ, గుండె డాక్టర్ల టీమ్‌లోనే సైకాలజిస్ట్ ఉండాలనీ అందులో చెప్పారు. అంతకుముందే 2018లో అక్కడి గుండె డాక్టర్ల మార్గదర్శకాలు, ఇలాంటి పేషెంట్లందరినీ డిప్రెషన్, యాంగ్జయిటీ ఉన్నాయేమో చూడాలని గట్టిగానే రాశాయి. పిల్లల సంగతికొస్తే, టెక్సస్‌లో లక్షకు పైగా పిల్లల రికార్డులు చూసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో గుండె జబ్బుతో పుట్టినవాళ్లలో 18.2 శాతం మందికి యాంగ్జయిటీ లేదా డిప్రెషన్ నిర్ధారణో, దానికి మందులో ఉన్నాయి. మిగతా పిల్లల్లో అది 5.2 శాతం. బోస్టన్‌లో ఒకే జఠరికతో (రక్తాన్ని పంప్ చేసే గుండె కింది గది, మామూలుగా రెండుంటాయి) పుట్టిన టీనేజ్ పిల్లల్ని చూస్తే, ఏదో ఒక వయసులో మానసిక సమస్య వచ్చినవాళ్లు 65 శాతం, పోల్చి చూసిన మామూలు పిల్లల్లో 22 శాతం. ఇది 2017 నాటి మాట.

అందరికీ వస్తుందని కాదు దీనర్థం. మూడోవంతు మందికి ఉందంటే మూడింట రెండొంతుల మందికి ఆ లక్షణాలు లేవనే కదా. కానీ వచ్చినవాళ్లు "నేనే పిరికివాణ్ణి" అనుకోవాల్సిన పనిలేదు. కారణాలు ఒకటి కాదు, పుట్టకముందు నుంచే మెదడుకి ఆక్సిజన్ తక్కువగా అందడం, పసితనంలో పెద్ద ఆపరేషన్, ఐసీయూ రోజులు, ఆడొద్దు పరిగెత్తొద్దు అనే మాటల మధ్య పెరగడం, మళ్లీ ఆపరేషన్ ఉంటుందేమోనన్న అనుమానం, అన్నీ కలుస్తాయి.

దడ వస్తే ముందు గుండె, తర్వాతే టెన్షన్

దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. మామూలు మనిషికి దడ వస్తే టెన్షన్ అనుకుని ఊరుకోవచ్చేమో, గుండె ఆపరేషన్ అయినవాళ్లు అలా అనుకోకూడదు, ఎందుకంటే టెట్రాలజీ, ఫాంటాన్ (ఒకే జఠరికతో పుట్టినవాళ్లకి చేసేది) లాంటి ఆపరేషన్లు అయిన చాలా ఏళ్లకి కూడా గుండె లయ తప్పే అవకాశం నిజంగానే ఉంది. ఉన్నట్టుండి స్విచ్ వేసినట్టు మొదలై అలాగే ఠక్కున ఆగిపోయే దడ, పనేమీ లేకుండా కూర్చున్నప్పుడో, లేకపోతే మెట్లెక్కుతున్నప్పుడో వచ్చే దడ, దాంతోపాటు కళ్లు తిరగడం, ఇవి లయ తప్పడాన్ని సూచిస్తాయి. పానిక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, అయితే చాలాసార్లు కొన్ని నిమిషాల్లో పెరిగి, వేళ్లు తిమ్మిర్లెక్కి, ఊపిరి అందనట్టై, నెమ్మదిగా దిగుతుంది. కానీ ఈ తేడా ఇంట్లో కూర్చుని తేల్చగలిగేది కాదు. 1997లో అమెరికాలో ఒక రకం వేగపు దడ ఉన్న 107 మందిని వెనక్కి తిరిగి చూస్తే 67 శాతం మందికి పానిక్ జబ్బు లక్షణాలన్నీ సరిపోయాయి, సగానికి పైగా మందిలో మొదటిసారి చూసినప్పుడు అసలు జబ్బు దొరకనే లేదు. వాళ్లు పుట్టుకతో గుండె జబ్బున్నవాళ్లు కూడా కాదు.

కాబట్టి స్పృహ తప్పినా, పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, పెదాలు నీలంగా మారినా, దడ ఆగకుండా ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. అలా కాకుండా అప్పుడప్పుడూ వచ్చిపోతుంటే వచ్చిన టైము, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎంతసేపు ఉంది, ఎలా ఆగింది అని ఫోన్‌లో రాసుకోండి. చేతికి స్మార్ట్ వాచ్ ఉంటే ఆ సమయంలో ఈసీజీ తీసి దాచండి, డాక్టర్‌కి ఉపయోగపడొచ్చు. కాకపోతే అదే వాచ్‌ని రోజుకి యాభైసార్లు చూసుకునే జబ్బు కూడా ఉంది, మావాడు కొన్నాళ్లు అలాగే చేశాడు, రాత్రి పూట తీసి బీరువాలో పెట్టమని నేనే చెప్పాను. హోల్టర్ (ఒంటికి తగిలించుకుని రోజంతా గుండె లయ రికార్డు చేసే పరికరం) పెట్టమని అడగడానికి మొహమాటపడొద్దు. గుండె వైపు ఏమీ లేదని తేలాక అప్పుడు ధైర్యంగా "ఇది యాంగ్జయిటీ" అని దాని పని పట్టొచ్చు. రెండూ కలిసి ఉండే మనుషులూ ఉంటారు, అప్పుడు రెండింటికీ వైద్యం కావాలి.

ఒక్క పేజీ కాగితం

ఇది ఒక సాయంత్రం పని. మీ గుండెలో పుట్టుకతో ఏముంది, ఏ ఆపరేషన్ ఏ ఏడాది ఎక్కడ అయింది, ఇప్పుడు ఏ మందులు ఎంత డోసులో వాడుతున్నారు, చివరి ఎకోలో ఏమన్నారు, ఏం చేయకూడదన్నారు, ఇవన్నీ ఒక పేజీలో రాసి పెట్టుకోండి. మన దగ్గర చాలామందికి తమ జబ్బు పేరు తెలియదు. "చిన్నప్పుడు హోల్ ఉండేది, మూసేశారు" అంటారు, అసలు డిశ్చార్జ్ సమ్మరీ చూస్తే హోల్‌తో పాటు ఇంకా మూడు ఉంటాయి. ఆ కాగితాలు ఊళ్లో నాన్న దగ్గర ఇనప్పెట్టెలో ఉంటే ఫోటోలు తీసి పంపమనండి. పాతవి పోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగంలో అడగండి, ఐపీ నంబరో (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) అప్పటి చిరునామానో గుర్తుంటే వెతకడం తేలిక. మనసు డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు వాళ్లు ముందు అడిగేది కూడా ఇదే, మందు రాయడానికి అది కావాలి.

ఇంకో సంగతి. పదమూడు పద్నాలుగేళ్లు వచ్చిన పిల్లల చేతే ఈ కాగితం రాయించండి. స్పెల్లింగులు తప్పు పోయినా పర్వాలేదు. డాక్టర్ గదిలో అమ్మే అన్నీ చెప్పేస్తుంటే పాతికేళ్లొచ్చినా వాళ్లకి తమ గుండె గురించి మాట్లాడటం రాదు.

తొమ్మిది ప్రశ్నలు

పీహెచ్‌క్యూ-9 అని ఒక ఫారం ఉంది, 2001 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు, ఉచితం, తెలుగులో కూడా దొరుకుతుంది. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టర్‌కి చూపించుకోవాలి. యాంగ్జయిటీకి అలాంటిదే జీఏడీ-7, ఏడు ప్రశ్నలు, మొత్తం 21. రెండూ కలిపి పది నిమిషాలు కూడా పట్టదు.

గుండె పేషెంట్లకి ఇందులో ఒక చిక్కుంది. నీరసం, నిద్ర, ఆకలి గురించిన ప్రశ్నలకి మార్కులు గుండె వల్లో, గుండె వేగం తగ్గించడానికి వాడే బీటా బ్లాకర్ మందు వల్లో కూడా పెరగొచ్చు. అందుకని మొత్తం ఒక్కటే చూడకుండా, మొదటి రెండు ప్రశ్నలు, అంటే దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా ఉండటం, వీటికి ఎంత వేసుకున్నారో విడిగా చూసుకోండి. నీరసం కొత్తగా పెరిగితే అది గుండె డాక్టర్‌కి కూడా చెప్పాల్సిన మాటే. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనే ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే ఎవరో ఒకరితో మాట్లాడాలి. 14416కి ఫోన్ చేయొచ్చు, అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులక్కర్లేదు, తెలుగు ఎంచుకోవచ్చు. దాని వెనక ఉన్న ముఖ్య సంస్థ మన బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్సే. ప్రాణానికి ప్రమాదమనిపిస్తే ఫోన్లతో ఆగకుండా నేరుగా నిమ్హాన్స్ ఎమర్జెన్సీకి వెళ్లండి, అది 24 గంటలూ ఉంటుంది.

ఓపీలో ఎలా చెప్పాలి

నింపిన ఫారాలు ఎకో రిపోర్ట్ మీదే పెట్టి ఇవ్వండి, కింద పెడితే చూడరు. డాక్టర్ ఎకో చూసి తల ఎత్తగానే "సార్, రెండు నెలలుగా నిద్ర లేదు, ఈ ఫారంలో పద్నాలుగు వచ్చింది, గుండె వైపు ఏమైనా చూడాలా, లేకపోతే సైకియాట్రీకి రాసిస్తారా" అని ఒక్క గుక్కలో అడిగేయండి. "కొంచెం టెన్షన్‌గా ఉంటోంది సార్" అంటే ఆయన "టెన్షన్ పడకు" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. అంకె, ఎన్నాళ్లనుంచి, మీకు ఏం కావాలి, ఈ మూడూ ఉంటే జవాబు చెప్పక తప్పదు. కన్నడంలోనో ఇంగ్లిష్‌లోనో మాట్లాడాల్సి వస్తుందని బెరుకుగా ఉంటే చీటీ రాసుకెళ్లి చదవండి, సిగ్గేమీ లేదు. తెలుగు వచ్చిన నర్సో, జూనియర్ డాక్టరో బెంగళూరులో దొరక్కపోరు, అడగాలంతే. ఎల్లో లైన్ మెట్రో వచ్చాక జయదేవకీ బొమ్మసంద్రకీ వెళ్లడం తేలికైంది కాబట్టి ఫారం మర్చిపోయాం, సైకియాట్రీకి రాయించుకోవడానికి ఇంకోరోజు వస్తాం అన్నా కుదురుతుంది.

పెద్ద ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం అక్కడే ఉంటే అదే మేలు, ఫైలు ఒకటే ఉంటుంది, ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. లేకపోతే నిమ్హాన్స్. హోసూర్ రోడ్డు మీద ఉంది, ఉదయాన్నే వెళ్తే నయం, కొత్త పేషెంట్లకి రోజంతా పడుతుంది, టిఫిన్ తినే వెళ్లండి, మాత్రలు వెంట తీసుకెళ్లండి. పిల్లలకీ టీనేజ్ వాళ్లకీ అక్కడ విడిగా విభాగం ఉంది. ఆ పేరు వినగానే ఇంట్లో పెద్దావిడ "పిచ్చాసుపత్రికి తీసుకెళ్తావా నా మనవణ్ణి" అంటుంది, అక్కడికి ఫిట్స్‌కీ పక్షవాతానికీ తలనొప్పికీ కూడా జనం వస్తారని చెప్పండి, అది నిజమే. అంత పెద్ద చోటికి వెళ్లడం ఇష్టం లేకపోతే బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్లదే వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది, చిన్నది, ఆసుపత్రిలా ఉండదు.

మందు రాస్తే అడగాల్సినవి

గుండె పేషెంట్‌కి డిప్రెషన్ మందు వాడకూడదని కాదు, చాలామంది వాడుతున్నారు. ఏది, ఎంత అన్నదే ముఖ్యం. డిప్రెషన్‌కి వాడే సిటలోప్రామ్ ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని పెంచుతుందని (అది మరీ పెరిగితే గుండె లయ తప్పొచ్చు) 2011లో అమెరికా మందుల సంస్థ హెచ్చరించింది, రోజుకి 40 మిల్లీగ్రాములు దాటకూడదంది. దాని తోబుట్టువు ఎస్సిటలోప్రామ్ మన దగ్గర బాగా రాస్తారు, దానికీ కొంత ఆ గుణం ఉంది. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులతో ఇంకా జాగ్రత్త కావాలి. గుండె జబ్బున్నవాళ్లకి సాధారణంగా ముందు ఆలోచించేది సెర్ట్రలిన్, గుండెపోటు వచ్చినవాళ్ల మీద దాన్ని పరీక్షించి చూశారు. అయినా మొదలుపెట్టేముందు ఒక ఈసీజీ, డోసు పెంచాక ఇంకో ఈసీజీ అడగండి.

లోహపు వాల్వు ఉండి రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ వాడుతున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. డిప్రెషన్‌కి వాడే ఈ మందుల్లో చాలావాటితో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది, కొన్ని ఐఎన్ఆర్‌ని (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే పరీక్ష అంకె) కూడా మారుస్తాయి, అందుకని కొత్త మందు మొదలుపెట్టినా, ఆపినా, ఆ వారంలోనే ఐఎన్ఆర్ చేయించుకోవాలి. ఊరి నుంచి అత్తయ్య పంపిన ఆయుర్వేద లేహ్యం సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి, తిట్టినా సరే. నిద్రకని మెడికల్ షాపులో చీటీ లేకుండా ఆల్ప్రాజోలం తెచ్చుకోవద్దు, అలవాటైతే వదలదు.

ఈ మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. మొదటి వారం ఆందోళన కాస్త ఎక్కువైనట్టు కూడా ఉంటుంది, ముందే తెలిస్తే భయపడి మానేయకుండా ఉంటారు. చిన్నవయసు వాళ్లలో మొదటి రోజుల్లో చనిపోవాలనే ఆలోచనలు వస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

మాటల వైద్యం, కాస్త నడక

మందు అందరికీ అవసరం కాదు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మాటల వైద్యం యాంగ్జయిటీకి బాగా నిరూపితమైంది. గుండె జబ్బుతో పుట్టిన పెద్దవాళ్ల కోసమే టొరంటోలో ఎనిమిది వారాల గ్రూప్ కార్యక్రమం ఒకటి తయారుచేసి పరీక్షించారు, చిన్న అధ్యయనమే అది, ఇలాంటి కార్యక్రమం నడపడం కుదురుతుందని మాత్రం తేలింది. బెంగళూరులో సైకాలజిస్టుని వెతికేటప్పుడు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగండి, ఇన్‌స్టాగ్రామ్‌లో లైఫ్ కోచ్ అని రాసుకున్నవాళ్లు వేరు. మొదటి రోజే "నాకు గుండె ఆపరేషన్ అయింది, నా భయం కొంత నిజమైనదే, భయపడొద్దు అని చెప్పి పంపకండి" అని స్పష్టంగా అనండి. గుండె గురించి నిజంగా ఎంత జాగ్రత్త పడాలో కార్డియాలజిస్ట్ చెప్తారు, అంతకు మించి పెరిగిన భయాన్ని తగ్గించడం సైకాలజిస్ట్ పని.

వ్యాయామం ఊసెత్తితే మన ఇళ్లల్లో గుండెలు బాదుకుంటారు. నెదర్లాండ్స్‌లో టెట్రాలజీ, ఫాంటాన్ ఆపరేషన్ అయిన 10 నుంచి 25 ఏళ్ల వాళ్లకి వారానికి మూడుసార్లు చొప్పున 12 వారాలు వ్యాయామం చేయించి చూశారు, చిన్న పిల్లల్లో జీవన నాణ్యత కొన్ని విషయాల్లో మెరుగైంది. మీకు ఎంతవరకు సరే అన్నది ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి కార్డియాలజిస్ట్ కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం ఉంటే కాలేజీ పీటీ సారుకీ, జిమ్ వాడికీ, ముఖ్యంగా అమ్మకీ చూపించొచ్చు. కబ్బన్ పార్కులో పొద్దున్నే నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటాను, డాక్టర్ వద్దని చెప్పి ఉంటే తప్ప.

పెళ్లి, మచ్చ, ఉద్యోగం

దీని గురించి ఎవరూ మాట్లాడరు కానీ మనవాళ్లకి అసలు బరువు ఇక్కడే. 15 దేశాల్లో గుండె జబ్బుతో పుట్టిన 4,028 మంది పెద్దవాళ్ల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలో మన చెన్నై ఆసుపత్రి కూడా పాల్గొంది. జీవన నాణ్యత తక్కువగా ఉన్నవాళ్లలో కనిపించినవి వయసు పైబడటం, ఉద్యోగం లేకపోవడం, పెళ్లి కాకపోవడం, రోజువారీ పనులకే ఆయాసం రావడం. అంటే ఏ జబ్బుతో పుట్టామన్న పేరొక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న బతుకూ లెక్కలోకి వస్తుంది.

సంబంధం చూసేటప్పుడు ఆపరేషన్ సంగతి దాచమని బంధువులు చెప్తారు, ఆడపిల్ల అయితే మరీ. నా ఉద్దేశంలో దాచడం వల్ల వచ్చే టెన్షన్ జబ్బు కన్నా పెద్దది, మాత్రలు టాయిలెట్లో వేసుకునే బతుకు ఎవరికీ వద్దు. మొదటి ఫోన్‌లోనే చెప్పనక్కర్లేదు, ఇద్దరూ మాట్లాడుకుని నచ్చాక, నిశ్చితార్థానికి ముందు, ఆ ఒక్క పేజీ కాగితం చూపించి చెప్పండి. వాళ్లకి అనుమానాలుంటే కార్డియాలజిస్ట్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి, పిల్లల సంగతి, గర్భం సురక్షితమా అన్నది ఆయన్నే అడగండి, పక్కింటి వాళ్లని కాదు.

ఉద్యోగంలో అయితే హెచ్ఆర్‌కి జబ్బు చరిత్రంతా చెప్పాల్సిన పనిలేదు. ఇన్సూరెన్స్ మాత్రం చూసుకోండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు మానసిక అనారోగ్యాన్ని శారీరక జబ్బులతో సమానంగా కవర్ చేయాలి. కానీ అది ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే ఇస్తారు, వారం వారం కౌన్సెలింగ్ ఫీజులు చాలా పాలసీల్లో మీ జేబులోంచే. ఐటీ కంపెనీల్లో ఉచిత కౌన్సెలింగ్ సెషన్లు కొన్ని ఉంటాయి, మొదట అవి వాడేసుకోండి.

అమ్మానాన్నలకి

మీరూ ఆ ఫారం నింపండి. 2017లో చేసిన ఒక సమీక్షలో గుండె జబ్బు పిల్లల తల్లిదండ్రుల్లో దాదాపు 30 శాతం దాకా మందికి పెద్ద ప్రమాదం దాటినవాళ్లలో కనిపించే లక్షణాలు, అంటే పీడకలలూ ఉలిక్కిపాట్లూ, ఉన్నాయని తేలింది. ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్నది మీరే కదా. పిల్లాడు నలుగురిలో ఆడుకుంటుంటే వెంట పరిగెత్తడం ప్రేమే, కాదనను, కానీ 2011లో టొరంటోలో చూస్తే అమ్మానాన్నలు అతిగా కాపాడిన పేషెంట్లలో పెద్దయ్యాక గుండె గురించిన భయం ఎక్కువగా కనిపించింది. "నీకు గుండె బాలేదు" అని రోజూ గుర్తుచేయడం మానేసి, డాక్టర్ వద్దన్న పనుల పట్టీ ఒకటి రాసి ఫ్రిజ్ మీద అంటించండి, అందులో లేనివన్నీ చేయనివ్వండి.

ఇంక వైద్యం మొదలైన నాలుగు నుంచి ఆరు వారాలకి మళ్లీ అవే రెండు ఫారాలు నింపి పాతవాటి పక్కన పెట్టండి. అంకె సగానికి తగ్గితే దారి సరిగ్గా ఉన్నట్టే. ఏమీ తగ్గకపోతే అదే డాక్టర్‌ని డోసు గురించి అడగండి, ఆపైన ఇంకో నాలుగు వారాలకీ అలాగే ఉంటే డాక్టర్‌ని మార్చండి, మొహమాటం లేకుండా, ఫైలు మాత్రం మీ దగ్గరే ఉంచుకుని.